కొల్లేటికి కాపలా ఎవరు?

ఎంతకీ తెమలని వ్యవహారాన్ని మనవాళ్ళు "కొల్లేటి చాంతాడు" అంటారు. కోర్టు వ్యాజ్యానికీ, పెళ్ళి మాటల్లో పెద్దల మంతనాలకీ, టీవీ సీరియల్‌కీ కూడా ఈ మాట చక్కగా అతుకుతుంది. తమాషా ఏమిటంటే, ఆ మాటను మనకిచ్చిన కొల్లేటి సంగతే ఇప్పుడు అసలుసిసలు కొల్లేటి చాంతాడై కూర్చుంది. సరస్సు ఎవరిది? దాని హద్దు ఎక్కడ? దాన్ని కాపాడవలసిన వారెవరు? ఈ మూడు పోగులూ కలిపి యాభై ఏళ్ళుగా పేనుతూనే ఉన్నాం. తాడు పొడుగవుతోంది గాని, బావిలో నీళ్ళు పైకి రావటం లేదు.

ముందు కాస్త భూగోళం. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్ళెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలువలూ మురుగుబోదెలూ నీళ్ళు తెచ్చి ఇందులో పోస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే: ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి. మనబోటి సంసారుల జేబుకు సరిగ్గా తిరగేసిన లెక్క!

ఈ నీటిమీద రాజుల కన్ను పడటం కొత్తేమీ కాదు. చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ రవికీర్తి అనే కవి క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కునాల జలం నెత్తుటితో రంగు మారిందన్నాడు. ఆ కునాలమే మన కొల్లేరని చరిత్రకారులు పోల్చారు. ఇక జనం చెప్పుకునే కథ వేరే ఉంది. కొల్లేటికోట గజపతుల జలదుర్గమట. చుట్టూ నీరుండగా కోట లొంగదని గ్రహించిన శత్రువు, ఆ నీటిని సముద్రంలోకి తోడెయ్యటానికి ఉప్పుటేరు తవ్వించబోయాడట. ఆ పోరులో ఒక సేనాని తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందనీ అంటారు. కథలో చరిత్ర ఎంతో పండితులు తేల్చుకుంటారు. నాకు పట్టింది అందులోని కిటుకు. కొల్లేటి జనాన్ని జయించాలంటే ముందు కొల్లేటిని ఖాళీ చెయ్యాలి. సరస్సే వాళ్ళ కోటగోడ.

ఆ గోడను ఆనుకుని బతికినవాళ్ళే లంక గ్రామాల జనం. వారిలో చేపలవేటే వృత్తిగా ఉన్న వడ్డి కులస్థులు చాలామంది. తాటి దోనె వాళ్ళ బండి, వాళ్ళ బజారు, కొన్నాళ్ళు వాళ్ళ వంటిల్లు కూడా. వానాకాలం నీరు పొంగితే వేట. వేసవిలో నీరు వెనక్కి తగ్గితే బయటపడ్డ ఒండ్రులో వరి, మిగతా చోట పశువులకు మేత. కిక్కిస కోసుకుంటే ఇంటిమీదికి కప్పు. కొరమీను, వాలుగ, బొమ్మిడాయి ఏ నెలలో ఎక్కడ దొరుకుతాయో పంచాంగం చూడకుండా చెప్పగలిగేవారు. ఏటా ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మకు జాతర. ఈ బతుకులో బీదరికం లేదని నేననను, బోలెడుంది. కాని నీరు చెడితే తమ కంచం చెడుతుందని తెలియనివారు లేరు.

ఈ తెలివిడి ఎంత బలమైనదో చూడాలంటే నీళ్ళున్న చోటుకంటే నీళ్ళులేని చోటుకు పోవటం మేలు. రాజస్థాన్ ఎడారిలో బిష్ణోయీలని ఒక సమాజం ఉంది. వారి గురువు జంభోజీ 1485లో 29 నియమాలు పెట్టాడు. పచ్చని చెట్టు కొట్టరాదన్నది వాటిలో ఒకటి. 1730లో జోధ్‌పూర్ రాజుగారి కట్టడాలకు సున్నం కాల్చటానికి కట్టెలు కావలసి వచ్చి, భటులు ఖేజర్లీ గ్రామం మీద పడ్డారు. అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును కౌగిలించుకుని ప్రాణం విడిచింది. ఆమె వెంట మొత్తం 363 మంది. ఇంతకీ వాళ్ళు ప్రాణాలిచ్చిన చెట్టు ఏదనుకున్నారు? దసరానాడు మనం ఆకు తెంపి పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకునే జమ్మి! మనకది ఏడాదికొక రోజు పూజ. వాళ్ళకు మాత్రం ఇసుకనేలలో నీడ, మేకల మేత, కూరకు కాయ, ఇంటికి కర్ర. చెట్టు తమదనుకున్నారు గనక నియమమూ తమదే అయింది. పైనుంచి ఎవరో జారీ చేసిన ఉత్తర్వయితే 363 మంది తలలు ఒగ్గేవారా?

అలాంటిదే చిన్న ఎత్తున మన దగ్గరా జరిగింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిప్రియుడు పశ్చిమగోదావరిలో ఆరేడు ప్రాంతానికి వచ్చి నిర్ఘాంతపోయాడు. (తరువాత ఆయన ఇందుచూడన్ అన్న పేరుతో మలయాళంలో పక్షుల మీద గొప్ప పుస్తకం రాశాడు.) దాదాపు 3,000 గూడబాతులు అక్కడ గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. గూడబాతంటే అల్పప్రాణి కాదు. అడుగు పొడుగు ముక్కు, దాని కింద జోలెలాంటి సంచి. రోజుకు కిలో దాకా చేపలు కావాలి. చేపలు పట్టుకు బతికే జనానికి అది దాయాది వంటిది. అయినా అన్ని వేల గూళ్ళు మనుషుల మధ్య నిలిచాయంటే, గొడ్డలీ వడిసెలా ఎత్తకుండా ఊళ్ళు ఊరుకున్నాయనేగా అర్థం! ఏ చట్టం చెప్పిందని ఊరుకున్నారు? వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందే 1972లో. చిత్రమేమంటే, చట్టం వచ్చిన మూడేళ్ళకల్లా, 1975 ప్రాంతంలో, ఆ గూడబాతుల కాలనీ కాస్తా మాయమైపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొల్లేటి చరిత్ర మలుపు తిరిగింది. అంతకుముందే ధవళేశ్వరం ఆనకట్ట (1852), బెజవాడ ఆనకట్ట (1855) చుట్టుపక్కల నేలనంతా వరిమడులు చేసి, మురుగునీటిని కొల్లేటికి పంపాయి. వరదలొస్తే లంకలు మునగటం, వేసవి ఎండితే వేట లేకపోవటం మామూలైంది. 1976లో జలగం వెంగళరావుగారి ప్రభుత్వం బీద బెస్తలకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. దాన్ని వెక్కిరించే హక్కు రెండుపూటలా తిన్న మనకు లేదు. కాని గట్టు వేసిన మరుక్షణం ఒక సంగతి మారింది. నీరు అందరిదైనప్పుడు దాన్ని అద్దెకివ్వటం ఎవరి తరమూ కాదు. చెరువును మాత్రం ఇవ్వొచ్చు. పెట్టుబడి గలవారు వచ్చి లీజులు రాయించుకున్నారు. సంఘం సభ్యుడు తన చెరువు గట్టు మీదే కూలివాడయ్యాడు. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల్లో వెయ్యికి పైగా చెరువులు, సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర లెక్కకు వచ్చాయి. దోనె తిరిగే చోట లారీలు తిరిగాయి.

అప్పుడు ప్రభుత్వానికి సరస్సు గుర్తొచ్చింది. 1999లో సముద్రమట్టానికి ఐదు అడుగుల కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు "ఆపరేషన్ కొల్లేరు" అని యంత్రాలతోనూ మందుగుండుతోనూ గట్లు బద్దలుకొట్టారు. 2008లో అదే రాష్ట్ర శాసనసభ, ఐదో కాంటూరు వద్దు, మూడుకు తగ్గించమని తీర్మానించింది. తరువాతి సంవత్సరాల్లో చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. ఈ తతంగంలో లీజుదారుకు ఒక చెరువు పోతే ఇంకొకటి. లంకలోని మనిషికి చెరువు కూలీ పోయింది, పాత వేటా తిరిగి రాలేదు. గుర్రపుడెక్క అల్లుకున్న మురికినీటిలో కొరమీను కోసం వల వేసేదెక్కడ?

కొన్నేళ్ళ క్రితం శీతకాలంలో కైకలూరు పక్కన ఆటపాక చూశాను. గూడబాతులు మళ్ళీ వచ్చాయి, వందలు వందలు. గూళ్ళకు తగిన చెట్లు చాలక, అటవీశాఖవారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద కాపురాలు జోరుగా సాగుతున్నాయి. "భలే ఉందయ్యా!" అన్నాను పడవ నడిపే ఆయనతో. ఆయన గెడ ఆపకుండానే, "పిట్టలకి ఇనపచెట్లు పెట్టారండి, బాగానే ఉంది. మా ఊసు ఎవరూ ఎత్తరేంటండి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చిల్లర కోసం జేబు తడుముకుంటున్నట్టు నటించాను.

అతని ప్రశ్నకు జవాబు దయలోంచి కాదు, అవసరంలోంచే వెతకాలనిపిస్తుంది నాకు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండిపడి విజయవాడ పేటలకు పేటలే మునిగాయి. ఆ నీరంతా కొల్లేటికే వచ్చింది. లంక ఊళ్ళ దారులూ మునిగాయి. ఎగువన పట్నం మునిగితే "అయ్యో" అన్నాం. దిగువన సరస్సు పూడి, ఉప్పుటేరు ఇరుకై ఉంటే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎంతమందిమి అడిగాం? కొల్లేరు పక్షుల ముచ్చట మాత్రమే కాదు, రెండు డెల్టాల ఇంటి తూము. తూము కాసేవాడికి జీతం ఇవ్వకుండా, ఇల్లు మునిగినప్పుడు వాడి మీద కేకలేస్తే ఏం లాభం?

మూడు అడుగులా, ఐదు అడుగులా అని కాగితం మీద గీత గీసేవారు నీళ్ళలో దిగనక్కరలేదు. గట్టు వేయించినవారూ, దాన్ని కూల్చినవారూ కూడా అంతే. తెల్లారి లేచి అందులో కాలు పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు. గట్టు మీద వాటా కాదు, పారే నీటిమీద వేటహక్కు అతనికి రాసిచ్చి, ఆ నీరు శుభ్రంగా ఉంచే బాధ్యత పట్నాలూ కార్ఖానాలూ చెరువుల యజమానులూ పంచుకుంటే, కాపలావాణ్ణి వేరే వెతుక్కోనక్కరలేదు. ఖేజర్లీలో జమ్మికి కాపలా పెట్టింది రాజుగారు కారు గదా!