మోటారు బ్యాటరీ చరిత్ర

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలు నుండి వరంగల్లు పోవు రహదారిమీద బోడుప్పల్ కలదు. ప్రతి ఉదయమును ఇచ్చటి ఇండ్లనుండి లెక్కకు మిక్కిలిగా కార్లు నగరములోనికి బయలుదేరును. వాటిలో ఏదేని ఒకటి తాళపుచెవి త్రిప్పినను కదలకున్నచో, “బ్యాటరీ పోయినది, మార్చవలసినదే” అని చూచినవారందరును తీర్మానింతురు. ఈ తీర్మానము ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు తప్పు. తప్పైనచో డబ్బు వృథా యగును, అసలు లోపము మాత్రము బండిలోనే నిలిచియుండును. కారులోనికి బ్యాటరీ ఏల వచ్చెనో తెలిసికొన్నచో ఈ చిక్కు విడదీయుట కష్టము కాదు.

చేతిపిడి కాలము

పెట్రోలు యంత్రము తనంత తాను పని ప్రారంభింపజాలదు. ముషలకము సిలిండరులోనికి గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చి, అదిమిన పిదపనే నిప్పురవ్వ వాటిని మండింపగలదు. కావున మొదటి కొన్ని చుట్లు వేరెవరో త్రిప్పవలెను. తొలినాళ్ళలో ఈ పని మనిషి చేతిదే. బండి ముందుభాగమున ఇనుప హ్యాండిలు దూర్చి బలముగా త్రిప్పెడివారు. నిప్పురవ్వ ముందుగా పుట్టినచో యంత్రము వెనుకకు తన్నును. ఆ దెబ్బకు మణికట్లు విరిగినవారు పెక్కురు.

ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ ఆర్డరు చేసిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కారును నేటికిని చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. అది 1912 నాటిది. సింహాసనము వంటి ఆసనమున్న ఆ రకపు కార్లకు సైతము 1919 నుండి గాని విద్యుత్ స్టార్టరు నియమముగా అమర్చబడలేదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను నెలకొల్పిరి. ప్రభువుల ముచ్చటగా నుండిన మోటారు అంతట ప్రజల వాహనమయ్యెను. అటుపిమ్మట చాలకాలము వరకు, పాత అంబాసిడర్ల వంటి కార్లలోను, స్టార్టరు మొరాయించినచో త్రిప్పుటకు హ్యాండిలు ఉండెడిది.

సీసపు ఘటము

మనిషి చేతికి బదులు నిలిచిన వస్తువు అంతకుముందే పుట్టియుండెను. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను తగులకుండ చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ఉంచి, విద్యుత్తును నిలువచేయ వచ్చునని చూపెను. వోల్టా 1800లో తయారుచేసిన ఘటము ఒకసారి ఖర్చయినచో మరల నింప వీలులేనిది. ప్లాంటే ఘటమును మరల మరల నింపవచ్చును. 1881లో కమీల్ ఫార్ సీసపు సమ్మేళనమును ముద్దచేసి రేకులకు పట్టించు పద్ధతిని కనుగొనెను. దానితో ఘటము అధికశక్తిని నిలువచేయసాగెను.

ఈ ఘటము విద్యుత్తు ఇచ్చునపుడు రెండువిధముల పలకలును సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచబడును. నింపునపుడు ఇవన్నియు పూర్వస్థితికి వచ్చును. ఒక్కొక్క ఘటమునకు సుమారు 2 వోల్టులు. ఆరు ఘటములు చేరినచో 12 వోల్టుల బ్యాటరీ యగును. దీని అంతర్నిరోధము మిక్కిలి స్వల్పము. అందుచేతనే స్టార్టరు కోరు వందకు పైబడిన ఆంపియర్లను కొన్ని సెకండ్లపాటు ఇయ్యగలదు.

స్టార్టరు రూపొందించిన చార్లెస్ కెటరింగు అంతకుముందు అమెరికాలో నగదు లెక్కించు యంత్రములకు మోటారును అమర్చినవాడు. క్షణకాలమే పనిచేయు మోటారు చిన్నదైనను పెద్దబరువును మోయగలదని అతడు గ్రహించెను. 1912 నమూనా కాడిలాక్ కార్లలో ఈ స్టార్టరు వచ్చెను.

తెలుగుదేశమున గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి సమీపమునగల కరకంబాడిలో అమరరాజా బ్యాటరీ పరిశ్రమను స్థాపించిరి. ఆ సంస్థ 2000లో అమరాన్ అను పేరిట కార్ల బ్యాటరీలను విపణిలోనికి తెచ్చెను.

లోపమును కనుగొనుట

బ్యాటరీ పని యంత్రమును త్రిప్పుట. కావున ముందుగా యంత్రము తిరుగుచున్నదా, లేదా అని చూడవలెను. యంత్రము చురుకుగా తిరుగుచున్నను అంటుకొనకున్నచో బ్యాటరీ నిర్దోషి. లోపము పెట్రోలులోనో, నిప్పురవ్వలోనో ఉండును. యంత్రము తిరుగక “టక్ టక్” మని చప్పుడై, లైట్లు మసకబారినచో బ్యాటరీ బలహీనపడినది, లేదా దాని కొనలవద్ద తీగలు వదులైనవి. కొనలకు పట్టిన తెల్లని చిలుమును తినేసోడా నీటితో కడిగి బిగించినంతనే కొన్ని బండ్లు బయలుదేరును. లైట్లు కాంతివంతముగా నున్నను యంత్రము తిరుగనిచో స్టార్టరును, దాని తీగలను పరీక్షింపవలెను.

తరువాత వోల్టుమీటరు పని. రాత్రియంతయు నిలిపిన నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో దాదాపు ఖాళీ. యంత్రము నడచుచున్నపుడు సుమారు 14 వోల్టులు చూపవలెను. చూపనిచో దానిని నింపు ఆల్టర్నేటరు లోపించినది. అట్టి బండిలో క్రొత్త బ్యాటరీ పెట్టినను కొద్దిదినములలో అదియు ఖాళీ యగును.

బ్యాటరీని అరిగించునది ముఖ్యముగా వేసవి వేడిమి. లోపలి సీసపు చట్రము త్వరగా క్షయించును. అయినను ఆ నష్టము చలికాలపు ఉదయమున బయటపడును, ఏలయన చల్లని బ్యాటరీ తక్కువ ప్రవాహము నిచ్చును, చిక్కబడిన నూనెవలన యంత్రము తిరుగుట మరింత కష్టమగును. ఎండ చేసిన గాయము చలిలో సలుపునన్నమాట.

మార్చు విధము

నింపినను నిలువని బ్యాటరీని మార్చవలసినదే. బండిని ఆపి, ముందుగా ఋణధ్రువపు తీగను విప్పవలెను. బండి శరీరమంతయు ఋణధ్రువమునకు కలిసియుండును. ఆ తీగ ఉండగనే ధనధ్రువమును విప్పుచో స్పానరు ఇనుమునకు తగిలి ప్రవాహమంతయు దానిగుండా పోయి స్పానరు ఎఱ్ఱగా కాలును. బిగించునపుడు క్రమము తిరుగబడును: ముందు ధనధ్రువము, పిదప ఋణధ్రువము. బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును గనుక దగ్గర నిప్పు కూడదు. ఆమ్లము కంటిలో పడినచో వెంటనే నీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను.

పాత బ్యాటరీ

చరిత్రలో ఇంకొక పుట మిగిలియున్నది. సీసము విషము, పిల్లల మెదడునకు ప్రత్యేకముగా హానికరము. పాత బ్యాటరీలను పెరళ్ళలో పగులగొట్టి కరగించుచో ఆవిరి గాలిలోను, దుమ్ము నేలలోను చేరును. ఇందుకొరకే భారతదేశమున 2001లో, మరల 2022లో నియమములు ఏర్పడినవి. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులమీద నిలిచినది. సీసము మరల కరగి, మరల పలకగా మారగల లోహము. పాతదానిని దుకాణములో తిరిగి ఇచ్చుటతోనే బ్యాటరీ మార్చుట ముగియును.