చిల్లిగవ్వ లేనివాళ్లకే తలుపు

జూబిలీ సంచికల్లో గొడవల గురించి రాయరు. పునాదిరాయి ఎవరు వేశారు, ఏ గది ఎవరు కట్టించారు, నాలుగు ఫొటోలు, చివర వందన సమర్పణ. అంతటితో సరి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణంలో హారియట్ టబ్మన్ పేరు మీద వెలిసిన వృద్ధాశ్రమం చరిత్రను మాత్రం అలా రాయడం కుదరదు. అందులో అసలు సంగతంతా ఒక గొడవలోనే ఉంది. అది నూరు డాలర్ల దగ్గర వచ్చిన గొడవ.

హారియట్ మేరీలాండ్‌లో బానిసగా పుట్టింది. 1849లో తప్పించుకుని ఉత్తరాదికి చేరింది. చేరిన మనిషి ఊరుకోలేదు. 13 సార్లు దాకా వెనక్కి వెళ్లి, దాదాపు 70 మందిని రాత్రిళ్లు నడిపించి బయటికి తెచ్చింది. జనం ఆమెను మోషే అన్నది అందుకే. 1859లో ఆబర్న్ పొలిమేరలో ఏడెకరాలు, ఒక ఇల్లు 1,200 డాలర్లకు కొన్నది. అమ్మింది సెనేటర్ విలియం సీవార్డ్. చట్టం లెక్కలో ఆమె అప్పటికింకా పారిపోయిన బానిసే. అలాంటి మనిషికి స్థలం అమ్మడం ఒక రాజకీయ నాయకుడికి చిన్న తెగువ కాదు.

ఆ ఇల్లు ఎన్నడూ ఖాళీగా ఉన్నది లేదు. ముసలి అమ్మానాన్నలు, అన్నదమ్ముల పిల్లలు, దిక్కులేనివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఎవరొచ్చినా అక్కడ ఇంత అన్నం, పడుకోను చోటు దొరికేవి. పందుల్ని పెంచారు, కూరగాయలు పండించారు, ఇటుకలు కాల్చారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో నర్సుగా, గూఢచారిగా ఆమె చేసిన సేవకు ప్రభుత్వం ఏళ్ల తరబడి పింఛను ఇవ్వలేదు. 1895లో ఇచ్చిన నెలకు 8 డాలర్లు కూడా ఆమె సేవకు కాదు, సైనికుడైన భర్త పోయిన విధవరాలిగా ఇచ్చినవి. 1899లో నర్సు పనిని లెక్కలోకి తీసుకుని 20కి పెంచారు. అయినా డబ్బు ఆమె చేతిలో నిలిచేది కాదు.

బానిసత్వం నుంచి విడుదలైన తరానికి ముసలితనం వచ్చేసరికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. వయసులో ఉన్నప్పటి కష్టార్జితమంతా యజమానులు తినేశారు. బిడ్డల్ని చిన్నప్పుడే వేరే ఊళ్లకు అమ్మేస్తే, కడుపున పుట్టినవాళ్లు ఎక్కడున్నారో తెలియని తల్లులు ఎందరో. తమ వయసెంతో చెప్పలేనివాళ్లూ ఉండేవారు. హారియట్‌కే తాను పుట్టిన సంవత్సరం కచ్చితంగా తెలియదు. తెల్లవారి వృద్ధాశ్రమాలు చాలావరకు వీళ్లను గడప తొక్కనిచ్చేవి కావు. అందుకే ఎక్కడికక్కడ నల్లజాతివాళ్లు తమ ముసలివాళ్లను తామే చూసుకోవలసి వచ్చింది. ఫిలడెల్ఫియాలో 1864లోనే అలాంటి ఆశ్రమం ఒకటి మొదలైంది. దానికి పెద్ద దాత స్టీఫెన్ స్మిత్ బానిసగా పుట్టి, కలప, బొగ్గు వ్యాపారంలో గడించి, బోధకుడైనవాడు. హారియట్ దగ్గర కలప లేదు, బొగ్గు లేదు. ఉన్నదల్లా మొండితనం.

1896లో ఆమె ఇంటి పక్కనున్న పాతికెకరాలు వేలానికి వచ్చాయి. ముసలివాళ్లకు ఆశ్రమం పెట్టడానికి అదే చోటని ఆమె అనుకుంది. ఆ వేలంపాట సంగతి ఆమె నవ్వుతూ చెప్పేదట. వచ్చినవాళ్లంతా తెల్లవాళ్లు. ఆమె ఒక మూల నిలబడి, ఎవరెంత అన్నా దాని మీద ఇంకొంచెం పెంచుతూ పోయింది. పాట 1,450 డాలర్ల దగ్గర ఆగింది. పాడిందెవరని వెతికితే హారియట్ టబ్మన్ అని తేలింది. చేతిలో మాత్రం డబ్బు లేదు! నేరుగా తన సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లి విషయం చెప్పింది. వాళ్లు కొంత సర్దారు, మిగతాది స్థలం తనఖా పెట్టి బ్యాంకులో తెచ్చారు.

ఆ సంఘం ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సీయోను సంఘం. న్యూయార్క్ నగరంలో తెల్లవారి మెథడిస్టు గుడిలో తమను వేరుగా చూస్తుంటే, 1796లో నల్లజాతి విశ్వాసులు బయటికి వచ్చి పెట్టుకున్నది. ఆబర్న్‌లో దాని గుడి పార్కర్ వీధిలో 1891లో కట్టారు. స్థలం చేతికైతే వచ్చింది గానీ పన్నులు, వడ్డీలు, మరమ్మతులు హారియట్ ఒక్కతే మోసేవి కావు. 1903లో ఆమె ఆ భూమిని సంఘానికి రాసి ఇచ్చేసింది.

గొడవ అక్కణ్ణుంచి మొదలైంది. ఆశ్రమంలో చేరాలంటే నూరు డాలర్లు కట్టాలని సంఘం నిబంధన పెట్టింది. హారియట్‌కు ఒళ్లు మండింది. నూరు డాలర్లు లేకపోతే లోపలికి రానివ్వరట, తాను పెట్టాలనుకున్నది చేతిలో ఏమీ లేనివాళ్లనే రానివ్వాలన్న నిబంధన అని ఆమె బాహాటంగానే అన్నది. అయినా అలిగి ఇంట్లో కూర్చోలేదు. 1908 జూన్ 23న ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్లింది.

సంఘాన్ని మరీ ఆడిపోసుకోనక్కర్లేదు. సభ్యులు పెద్ద సంపన్నులేం కారు. కూలిపని చేసేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు వేసే కానుకల మీద బొగ్గు కొనాలి, వైద్యుణ్ణి పిలవాలి, ఆబర్న్ చలికాలం గట్టెక్కాలి. చందాలతో నడిచే ఇంట్లో పద్దుల పుస్తకం రాసేవాడి బాధ వేరు, తలుపు తీసేవాళ్ల బాధ వేరు. ఏ వృద్ధాశ్రమం కార్యవర్గం సమావేశంలో కూర్చున్నా ఈ ఇద్దరూ కనిపిస్తారు. అయితే నాకు హారియట్ మాటే సరైనదనిపిస్తుంది. ఎందుకంటే, మూడేళ్లు తిరక్కుండానే ఆ నిబంధన ఎవరిని గడప బయట నిలబెట్టేదో తెలిసివచ్చింది.

1911లో ఒంట్లో శక్తి ఉడిగి హారియట్ తానే ఆ ఆశ్రమంలో చేరింది. ఆమె జబ్బుతో, చేతిలో పైసా లేకుండా ఉన్నదని న్యూయార్క్ పత్రిక ఒకటి రాస్తే, అభిమానులు ఆమె ఖర్చులకు మళ్లీ చందాలు పోగుచేశారు. ఆమెకు పాత స్నేహితుడైన జాన్ బ్రౌన్ పేరు పెట్టిన భవనం ఆ ఆవరణలోనే ఉండేది. 1913 మార్చి 10న న్యుమోనియాతో ఆమె కన్నుమూసింది. ఫోర్ట్ హిల్ శ్మశానవాటికలో సైనిక మర్యాదలతో ఖననం చేశారు. మరుసటి ఏడు పట్టణం ఆమె పేరిట కంచు ఫలకం పెట్టినప్పుడు బుకర్ టి. వాషింగ్టన్ వచ్చి మాట్లాడాడు.

ఆ తర్వాత ఆశ్రమం ఎక్కువకాలం సాగలేదు. 1920ల చివరికి మూతపడింది. భవనాలు పాడుపడి, కూల్చెయ్యాలన్న ఆదేశాల దాకా వచ్చింది. బిషప్ విలియం వాల్స్ పూనుకుని సంఘాల నుంచి విరాళాలు పోగుచేసి, ఆశ్రమపు చెక్క ఇంటిని బాగుచేయించి 1953లో తెరిపించాడు. జాన్ బ్రౌన్ హాల్ మాత్రం దక్కలేదు. దాని పునాదుల్ని సిరక్యూజ్ విశ్వవిద్యాలయం పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి తీశారు. 2017 జనవరిలో ఆ చోటును జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. ప్రభుత్వం వచ్చినా సీయోను సంఘం పక్కకు తప్పుకోలేదు. హారియట్ 1903లో రాసి ఇచ్చిన ఆవరణను జాతీయ ఉద్యానాల శాఖతో కలిసి ఆ సంఘమే చూసుకుంటోంది.