కరువు వార్త – కృత్రిమ మేధ: అనంతపురం పత్రికా చరిత్ర నేపథ్యం

అనంతపురం జిల్లా పత్రికారచన చరిత్రను కరువు నుండి వేరుచేసి పరిశీలించడం సాధ్యం కాదు. 1926లో పప్పూరు రామాచార్యులు ప్రారంభించిన ‘సాధన’ ఈ ప్రాంతానికి స్వీయ వార్తావేదికను కల్పించింది. తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం పత్రికా సంపాదకులుగానూ, ‘పెన్నేటి పాట’ కర్తగానూ ఈ నేల దైన్యాన్ని ఆంధ్రదేశమంతటికీ వినిపించారు. 1989లో ‘ఈనాడు’ ఆరంభించిన జిల్లా అనుబంధాలతో గ్రామీణ విలేకరుల వ్యవస్థ విస్తరించింది.

2023 జూలైలో బిగ్ టీవీ ‘మాయ’ అనే కృత్రిమ మేధా వ్యాఖ్యాతను ప్రవేశపెట్టడంతో తెలుగు వార్తారంగం మరొక దశలో అడుగిడింది. వార్తను చదివే గొంతు మారినా, వార్త పుట్టే చోటు మారలేదు.

యంత్రం అప్పటికే నమోదైన సమాచారం నుండి వాక్యాన్ని కూర్చగలదు. అనంతపురం కరువు కొన్నిసార్లు వార్షిక గణాంకాలకు అందదు. ఏడాది వర్షపాతం సగటుకు చేరువగా ఉన్నప్పటికీ, వేరుశనగ ఊడలు దిగే దశలో బెట్ట ఏర్పడితే పంట దెబ్బతింటుంది. గణాంకం ‘సాధారణ వర్షపాతం’ అని పలికే ఆ ఏడాదిని కరువుగా గుర్తించగలిగేది చేనిగట్టున రైతుతో మాట్లాడిన విలేకరి. కనుక కృత్రిమ మేధ వ్యయం తగ్గించే సాధనంగా ఆ విలేకరి స్థానాన్ని ఆక్రమిస్తే, కరువుకు సాక్ష్యమూ, దానితోపాటు భావి చరిత్రకారునికి ఆధారమూ లుప్తమవుతాయి.