ముప్పై మీటర్ల వరండా

తెల్లవారుజామున ఐదున్నర. విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మీరు వెనక వసారాలో గోడవారగా నిలబడి ఉన్నారు. నులకమంచం మీద మామ్మ అప్పటికే లేచి కూర్చుంది. లేచింది అనడం కూడా తప్పే. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి సగం రాత్రి నుంచీ అలాగే కూర్చుని ఉంది. అరచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగింది. గాలి పీల్చినప్పుడల్లా మెడకు రెండు పక్కలా కండరాలు బిగుస్తున్నాయి, కంఠం కింద గుంట లోపలికి పోతోంది. పిల్లికూతలు మీరున్న చోటికి వినిపిస్తున్నాయి.

స్నానాలగది పెరట్లో ఉంది. ముందు మంచం కోడు పట్టుకుంటుంది, తర్వాత గుమ్మం, ఆ తర్వాత నీళ్ల గోలెం అంచు. పట్టు దొరికిన ప్రతిచోటా ఆగుతుంది. తలంటుకోవడం ఎప్పుడో మానేసింది. చెయ్యి భుజం పైకి లేస్తే ఆయాసం ముంచుకొస్తుంది. రొమ్ముకూ భుజానికీ మధ్య ఉన్న కండరాలను ఆమె ఊపిరి తీయడానికే వాడుకుంటోంది. వాటికి చెంబు ఎత్తే పని కూడా పెడితే రెండూ సాగవు. అందుకే జుట్టు దువ్వి ముడి వేసేది కూడా కోడలే.

"నువ్వు సెయ్యెత్తకత్తా, నానేత్తానుండు."

ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో మీకు తెలుస్తూనే ఉంది. దాన్ని గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

చోడంబలి గ్లాసు వచ్చింది. రెండు గుక్కలు తాగి కింద పెట్టింది. మింగేటప్పుడు క్షణం ఊపిరి ఆపాలి, ఆమె దగ్గర ఆ క్షణం లేదు. పొట్ట నిండితే పైన ఊపిరితిత్తులకు చోటు ఇంకా తగ్గుతుంది. పైగా అవి ఎప్పుడూ సగం పాతగాలితో ఉబ్బే ఉంటాయి. లోపలికి వెళ్లిన గాలి బయటికి పూర్తిగా రాదు. జబ్బంటే అదే. దాని పేరు సీవోపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయి తిరిగి విప్పారకపోవడం. ఊపిరి తీయడానికి మనం లెక్కచెయ్యని ఖర్చు ఆమెకు పొద్దస్తమానం కూలిపనంత. అలా ఖర్చు పెరిగిన ఒంటికి తిండి తగ్గింది. నిరుటి సంక్రాంతికి కుట్టించిన జాకెట్టు భుజాల మీంచి జారుతోంది, చూడండి.

చుట్ట ముట్టలేదు మామ్మ. ఈ వైపు పల్లెల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు చాలామందే ఉండేవారు, ఈవిడ వాళ్లలో లేదు. ఆమెది పొయ్యి పొగ. సరుగుడు పుల్లలు, పిడకలు, వానాకాలంలో తడిసిన మామిడి కొమ్మలు. కిటికీ లేని వంటిల్లు, ఊదుగొట్టం. 1999లో దీపం పథకం వచ్చాక ఈ ఇంట్లోకి కూడా గ్యాసు పొయ్యి వచ్చింది. కానీ సిలిండరు చుట్టాలొస్తే టీ పెట్టడానికి. అన్నం కట్టెల మీదే ఉడికింది, ఇంకా ఎన్నో ఏళ్లు. పొగ తాగని మనిషికి పొగ జబ్బేమిటని మొదట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. టీబీ అనుకున్నారు, ఊళ్లో చెప్పకుండా దాచారు, కఫం పరీక్ష చేయించారు, కాదని తేలింది. ఊదే పరీక్షలో అసలు సంగతి బయటపడింది.

ఆటో వచ్చింది. మామ్మను కొడుకు రెండు చేతుల మీద ఎత్తి కూర్చోబెట్టాడు.

ఇప్పుడు మీరు ఆస్పత్రి ఛాతీ విభాగం వరండాలో ఉన్నారు. నేల మీద టేపుతో గీతలున్నాయి. ఈ చివర ఒక నారింజరంగు కోను, ముప్పై మీటర్ల అవతల ఇంకొకటి. గోడవారగా మూడు కుర్చీలు. ఫిజియోథెరపిస్టు పాతికేళ్ల పిల్ల, మెళ్లో స్టాప్‌వాచీ. మామ్మ వేలికి క్లిప్పు పెట్టింది. రక్తంలో ఆక్సిజను 94 శాతం.

"మామ్మా, ఆరు నిమిషాలు నడవాలి. పరుగెత్తొద్దు. ఆయాసం వస్తే ఆగు, గోడకు ఆనుకో, మళ్లీ మొదలుపెట్టు. గడియారం మాత్రం ఆగదు."

"నీ గడియారానికేటి పాపా, దానికి ఆయాసమా పాడా."

ఆమె పక్కన నడవకండి. కొడుకును కూడా ఆపేశారు. పక్కన మనిషి ఉంటే ఆ మనిషి నడకే ఆమె నడకైపోతుంది, ఆమె సొంత వేగం తెలియదు. పడిపోతుందేమో అనిపిస్తే నాలుగు అడుగులు వెనకగా ఉండండి.

మొదటి కోను దాకా బాగానే వెళ్లింది. చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినండి. పాదం పూర్తిగా లేవడం లేదు. తిరిగేటప్పుడు ఒళ్లు కొంచెం తూలింది. రెండో నిమిషంలో పెదవులు విడివడ్డాయి. మూడో నిమిషం మధ్యలో కిటికీ ఊచ పట్టుకుని ఆగిపోయింది. మీకు ఎదురుగా ఆమె వీపు. జాకెట్టు కింద రెండు రెక్క ఎముకలు లేస్తూ పడుతూ ఉన్నాయి. మీ ఊపిరి మీకు తెలియకుండానే ఆమె ఊపిరితో కలిసి వేగం పెంచింది కదూ? నాకెప్పుడూ అలాగే అవుతుంది.

"బాగా నడుస్తున్నావు మామ్మా, ఇంకా మూడు నిమిషాలుంది."

మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. ఆరో నిమిషం అయ్యేసరికి నూట తొంభై మీటర్లు. వేలి క్లిప్పు 87 చూపిస్తోంది. ఈ నడకను కూడా కలిపి జబ్బు తీవ్రతను లెక్కగట్టే బోడ్ అనే కొలమానం ఒకటి 2004 నుంచి ఉంది. మూడు వందల యాభై మీటర్లు నడవగలిగినవాళ్లకు నడక కింద చెడ్డ మార్కు పడదు. మామ్మకు ఇంకా దాదాపు సగం దూరం మిగిలిపోయింది.

ఊపిరి కుదుటపడగానే ఆ పిల్ల అడిగిన ప్రశ్న మీరు ఊహించి ఉండరు. "ఆయాసం వచ్చి ఆగావా మామ్మా, కాళ్లు లేవక ఆగావా?"

మామ్మ ఆలోచించింది. "కాళ్లే. తొడల్లో సత్తువ నేదు."

పరీక్ష కాగితాల్లో దొరకని సమాధానం ఇది. ఎక్స్‌రేలో తొడలు కనిపించవు. ఊదే గొట్టం కాళ్ల సంగతి చెప్పదు. ఇద్దరు మనుషుల ఊపిరితిత్తులు ఒకే అంకె చూపించవచ్చు. ఒకరు సంతకు వెళ్లొస్తారు, ఒకరు మంచం దిగరు. ఆ తేడాకే వైద్యులు ఫ్రెయిల్టీ అని పేరు పెట్టారు. ఒంట్లో దాచిన సత్తువంతా అడుగంటి, చిన్న జలుబుకే మనిషి కూలబడే స్థితి అది. అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం 2001లో దీనికి ఐదు గుర్తులు చెప్పింది. మూడుంటే చాలు. కోరకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గడం, విడవని అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, పనీపాటా తగ్గిపోవడం. మామ్మ చేతికి పట్టు కొలిచే పరికరం ఇచ్చారు. నొక్కింది. ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది. మిగతా నాలుగూ మీరు పొద్దుట్నుంచీ కళ్లారా చూస్తూనే ఉన్నారు.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. మూడోసారికి చేతులు వాటంతటవే విడిపోయి కుర్చీ పట్టాయి. నా మటుకు, ఈ జబ్బున్న ప్రతి ఇంట్లో ఆక్సీమీటరు కంటే ముందు ఈ కుర్చీ పరీక్ష జరగాలి. దానికి ఖర్చు లేదు, అది అబద్ధం చెప్పదు.

కండ ఎలా పోయిందంటే దారులు చాలా ఉన్నాయి. ఒళ్లంతా పాకే వాపు, చాలని తిండి, జబ్బు ముదిరినప్పుడల్లా మింగిన స్టెరాయిడ్లు. అన్నిటికంటే పెద్దది మంచం. పది రోజులు మంచం మీదే ఉంచితే ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల కాళ్లలోంచి కూడా దాదాపు కిలో కండ పోయిందని 2007లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. మామ్మ కిందటి పుష్యమాసంలో దగ్గు ముదిరి అన్నాళ్లూ ఆస్పత్రిలోనే ఉంది. ఇంటికొచ్చాక ఆయాసమని కదలలేదు, కదలక కాళ్లు చిక్కాయి, చిక్కిన కాళ్లతో నాలుగడుగులకే ఆయాసం.

ఆ పిల్ల ఇప్పుడు పెదవులు సున్నాలా చుట్టి చూపిస్తోంది. ముక్కుతో పీల్చు, నోటితో మెల్లగా వదులు.

"పొయ్యి ఊదినట్టేనా?"

"కాదు మామ్మా, అంత గట్టిగా వద్దు. వేడి అంబలి చల్లార్చినట్టు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామ్మ నవ్వబోయి దగ్గింది.

తర్వాత కొడుకుతో మాట్లాడుతున్నప్పుడు మీరు దగ్గరగా నిలబడండి, అసలు ముడి ఇక్కడుంది. రోజూ కుర్చీలోంచి లేపండి, నీళ్ల సీసాలు చేతికిచ్చి ఎత్తించండి, రోజుకొక గుడ్డు పెట్టండి, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినిపించండి, ఇంట్లో చిన్న పనులు ఆమెకే వదిలెయ్యండి అని ఫిజియోథెరపిస్టు చెబుతోంది. అతను తల వంచుకున్నాడు.

"ముసిల్దాని సేత పని సేయిత్తన్నారని ఊల్లో ఏటనుకుంటారమ్మా?"

అతని బాధ నిజమే. మన ఇళ్లలో పెద్దవాళ్లను గౌరవించడమంటే కూర్చోబెట్టడం. మంచినీళ్లు మంచం దగ్గరికి తేవడం, ఆటోలోకి ఎత్తి దించడం, ముడి వెయ్యడం. ఈ జబ్బులో అదే సేవ మిగిలిన కండనూ తినేస్తుంది. ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు. కానీ లండన్‌లో ఎనిమిది వందల మందికి పైగా సీవోపీడీ రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, నలుగురిలో ఒకరు ఇలా సత్తువ అడుగంటినవాళ్లే. ఎనిమిది వారాల వ్యాయామ శిక్షణ మధ్యలో మానేసే ప్రమాదం మిగతావాళ్లకంటే వాళ్లకు రెండింతలు. పూర్తి చేసినవాళ్లలో మాత్రం పదిమందికి ఆరుగురు ఆ స్థితి దాటి బయటపడ్డారు. ఊపిరితిత్తులు బాగుపడలేదు, అవి బాగుపడేవి కావు. కాళ్లు బాగుపడ్డాయి. ఇలాంటి శిక్షణ ఇచ్చే చోట్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మామ్మకు మిగిలింది ఇల్లే.

సాయంత్రం మళ్లీ అదే వసారా. పీట వద్దని ఎత్తు కుర్చీ వేశారు, వెనక్కి జరగకుండా గోడకు ఆనించారు. మామ్మ ఇన్‌హేలరు పంపు రెండుసార్లు పీల్చుకుని, కాసేపు ఆగి మొదలుపెట్టింది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. కోడలు చేతిలోని గోంగూర కట్ట ఆకులు తుంచుతూ లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడో దానికి మామ్మ పెదవులు సున్నా చుట్టి ఆగింది, తొడలు వణుకుతున్నాయి. కొడుకు గాభరాగా ముందుకొచ్చి భుజం పట్టుకోబోయాడు.

"సాలమ్మా, ఇంక కూకో."

మామ్మ ఆ చేతిని పక్కకు నెట్టింది. ఊపిరంతా వదిలాక గానీ మాట రాలేదు.

"నువ్వు కూకోరా. నానింకా రెండు నెగాల."