అణుశక్తి – మతధర్మం (పల్నాడు నేపథ్యం)

పరమాణు కేంద్రకం నుంచి వెలువడే శక్తి అణుశక్తి. దాని మంచిచెడ్డలపై మతాలు చేసిన ఆలోచనకు పల్నాడులో ఆనవాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. మాచర్ల ప్రాంతంలో ఒకవైపు కొప్పునూరు యురేనియం నిక్షేపం, మరోవైపు నాగార్జునకొండ బౌద్ధక్షేత్రం. కారంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల ఆయుధాలకు పూజలు.

శాస్త్రం: యురేనియం-235 కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకితే అది రెండుగా చీలి, వేడితోపాటు 2 లేదా 3 న్యూట్రాన్లను వదులుతుంది. అవి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఈ గొలుసు చర్య అదుపులో సాగితే విద్యుత్తు, అదుపు లేకుండా సాగితే విస్ఫోటం. సహజ యురేనియంలో ఈ రకం సుమారు 0.7 శాతమే.

ఖనిజం: కొప్పునూరులో యురేనియం అడుగు గ్రానైటుకూ, పైనున్న, బనగానపల్లె పేరుతో పిలిచే శిలలకూ సంధి దగ్గర చేరింది. నాగార్జునసాగర్ జలాశయానికి అవతల, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులలోనూ నిక్షేపాలున్నాయి. అక్కడ గని తవ్వకాలపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వచ్చింది. ఈ జలాశయం నుంచి వచ్చే కుడికాలువే పల్నాటి పొలాలకు ప్రాణం.

హిందూ దృష్టి: విషం పూసిన, నిప్పు రగిలించిన ఆయుధాలతో యుద్ధం చేయరాదని మనుస్మృతి 7వ అధ్యాయం నిషేధించింది. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో పూజలందుకునే ఆయుధాలు ఎదురెదురుగా నిలిచి పోరాడినవారివి. అణుబాంబుకు ఎదుటివాడెవడో తెలియదు. సైనికుడూ, ఊయలలోని పసిబిడ్డా దానికి ఒకటే.

క్రైస్తవ దృష్టి: నగరాలను విచక్షణ లేకుండా నాశనం చేయడం దేవునిపట్ల, మానవునిపట్ల నేరమని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. అణ్వాయుధాలను వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా అనైతికమని పోప్ ఫ్రాన్సిస్ 2019లో హిరోషిమాలో అన్నారు.

బౌద్ధ దృష్టి: ఉపాసకుడు చేయకూడని 5 వ్యాపారాల్లో ఆయుధాలు, విషం ఉన్నాయి. అయినా 1974 మే 18న పోఖ్రాన్‌లో భారత్ జరిపిన తొలి అణుపరీక్షకు 'నవ్వే బుద్ధుడు' అనే సంకేతనామం స్థిరపడింది. చేసిన పనితోపాటు దాని ఫలితాన్నీ బౌద్ధం లెక్కలోకి తీసుకుంటుంది. యురేనియం తీశాక మిగిలే వ్యర్థాల్లో రేడియం ఉంటుంది. అది సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. నాగార్జునకొండ లోయలో స్తూపాలు కట్టించిన ఇక్ష్వాకు రాజుల కాలంలో ఒక కుండెడు రేడియం పాతిపెట్టి ఉంటే, నేటికీ దాదాపు అరకుండ మిగిలే ఉండేది.