పిట్టలకో చలివేంద్రం

అమెరికాలో ఉన్న మా మేనకోడలు పెరట్లో ఒక సీసా వేలాడదీసింది. దాన్లో పంచదార ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు. హమ్మింగ్ బర్డ్ అని, మూడు గ్రాములు తూగే పిట్ట వచ్చి తాగిపోతుందిట. "దీనికీ ముహూర్తం ఉందత్తయ్యా!" అంటుంది. చలికాలం మెక్సికో వైపు గడిపిన పిట్టలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగొస్తాయి. అవి వచ్చేలోపే సీసా కట్టెయ్యాలిట.

మా త్రిపురాంతకంలో ఆ పిట్ట లేదు. అమెరికా ఖండాలు దాటితే అసలెక్కడా లేదు. మన తేనెపిట్ట వంశమే వేరు. ఫాల్గుణంలో నల్లమల అంచున మోదుగలు పూస్తే దానికి పంచదారతో పనేముంది? పిచ్చికలంటారా, సంక్రాంతికి చూరుకి కట్టే కంకుల కుచ్చు ఉండనే ఉంది. అయితే ఆ రోజుల్లో కళ్లాల్లోనే కావలసినన్ని గింజలు! మనం ముహూర్తం చూడవలసింది గింజలకి కాదు, నీళ్లకి.

ఆ ముహూర్తం పెద్దలు ఏనాడో పెట్టారు. 1612లో కమలాకరభట్టు రాసిన నిర్ణయసింధువులో ప్రపాదానం అని ఉంది. అంటే మన చలివేంద్రమే. ఫాల్గుణం వెళ్లి చైత్రం రాగానే మంచిరోజు చూసి మొదలుపెట్టాలి, నాలుగు నెలలు ఎడతెగకుండా నీళ్లివ్వాలి అని విధి. అంత స్తోమత లేనివాళ్లు రోజూ ఒక కుండెడు నీళ్లు దానమిచ్చినా చాలుట. దాన్ని ధర్మఘటం అన్నారు. ఇల్లాలి చేతిలో పనే కదూ! అన్నట్టు, చలివేంద్రంలో నీళ్లు పోసే ఆడపడుచు శాతవాహన హాలుడి గాథాసప్తశతిలోనే కనిపిస్తుంది. దాహం తీరినా ఆమెను చూస్తూ వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారవిడిచే బాటసారి, అది కనిపెట్టి ధార సన్నం చేసే ఆమె! గడుసుదే.

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. బస్సులు లేని రోజుల్లో శివరాత్రికి నడిచిపోయే యాత్రికులకి ఈ దారిలో దొరికే గుక్కెడు నీళ్ల విలువ ఎంతో ఊహించుకోండి. శాస్త్రం చైత్రమన్నా, మా వైపు శివరాత్రి వెళ్లిందంటే ఎండ చురుక్కుమంటుంది. అందుకే పిట్టల మూకుడు విషయంలో ఉగాది దాకా ఆగడం నాకిష్టం లేదు.

తియ్యడం ఎప్పుడన్నది ఇంకా ముఖ్యం. మృగశిర కార్తె రాగానే చాలామంది మూకుడు బోర్లించేస్తారు. మా మార్కాపురం, గిద్దలూరు వైపు మృగశిరలో నాలుగు చినుకులు పడితే పండగే. ఆ నాలుగు నెలల లెక్క ఆషాఢం దాకా వస్తుంది చూడండి, మా సీమకి అదే సరైన లెక్క.

వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మట్టి మూకుడు నీడపట్టున పెట్టి, రోజూ కడిగి నీళ్లు మార్చాలి. పెట్టడం అందరూ పెడతారు. మే నెలలో పిల్లలకి సెలవులివ్వగానే పుట్టింటికి బయల్దేరతాం. మూడు నెలలుగా అలవాటుపడ్డ పిట్టలకి నడివేసవిలో ఎండిన మూకుడు మిగులుతుంది. ఎడతెగకుండా అన్న మాట ఇక్కడే గుర్తుంచుకోవాలి. మా వీధిలో ఊరెళ్లేవాళ్లు ఇప్పుడు పక్కింట్లో తాళంచెవి ఇస్తూ మూకుడు సంగతి కూడా చెప్పి మరీ బస్సెక్కుతున్నారు.