వాతావరణ ముప్పుల వర్గీకరణ: నిపుణులు కాని పాఠకుల కోసం ఒక ప్రతిపాదన

వాతావరణ మార్పు నివేదికలు ముప్పులను ఎక్కువగా రంగాలవారీగా విడదీస్తాయి: వ్యవసాయం, నీరు, ఆరోగ్యం, తీరప్రాంతం. ప్రభుత్వ శాఖలు పని పంచుకోవడానికి ఈ పద్ధతి చాలు. కానీ మే నెలలో ఒక వడగాడ్పు వస్తే అదే వారంలో కూలీ ప్రాణానికీ, బోరు నీటికీ, గేదె పాలకూ, కరెంటుకూ దెబ్బ తగులుతుంది. నాలుగు అధ్యాయాల్లో చెదిరిపోయిన ఆ దెబ్బను మామూలు పాఠకుడు ఒకచోట కూర్చుకోలేడు. అందుకే ముప్పు ఏ రంగం మీద పడుతుందన్న దానికంటే, అది దేనివల్ల పుడుతుంది, ఎంత వేగంగా వస్తుంది అన్నవే అతనికి వర్గీకరణలో ముందు కనిపించాలన్నది నా వాదన.

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2001లో తన మూడో నివేదికలో 'ఆందోళనకు ఐదు కారణాలు' చూపింది: అరుదైన, సున్నితమైన వ్యవస్థలకు కలిగే హాని, తీవ్ర వాతావరణ ఘటనలు, నష్టం ఎవరి మీద ఎంత పడుతుందన్నది, ప్రపంచం మొత్తానికి కలిగే నష్టం, భారీ మంచు ఫలకాలు కూలిపోవడం వంటి పెనుమార్పులు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ తెలుపు నుంచి పసుపుకూ, ఎరుపుకూ మారే నిలువు పట్టీలతో వేసిన ఆ బొమ్మకు 'మండే నిప్పుకణికలు' అన్న పేరు స్థిరపడింది. 2007 నివేదికలో అది చేరలేదు. 2014లో తిరిగి వచ్చినప్పుడు ఎరుపుకు పైన ఊదా కూడా చేరింది. 2022 నివేదిక 127 కీలక ముప్పులను గుర్తించింది. ఇంత శ్రమ వెనుక ఉన్న నిజాయతీని గౌరవించాల్సిందే. అయినా పట్టీ పక్కన ఉన్నది ఉష్ణోగ్రత ఒక్కటే కాబట్టి చూసేవారు రంగును ఎండ తీవ్రతగానే చదువుతారు. అది మనుషుల తట్టుకునే శక్తిని కూడా లెక్కలోకి తీసుకుని నిపుణులు వేసిన అంచనా అని వారికి తట్టదు.

నేను ప్రతిపాదించే వర్గీకరణలో మొదటి కొలబద్ద, ముప్పు దేనివల్ల పుడుతుందన్నది. ముప్పుకు మూడు మూలాలున్నాయి: ఆపద, దాని దారిలో ఉన్న మనుషులూ ఆస్తులూ, తట్టుకునే శక్తి లేకపోవడం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ తుఫానులో రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లో ఆగింది, ఆస్తినష్టం మాత్రం వేల కోట్లకు చేరింది. రెండూ సమానమైన తుఫానులు కావు. దివిసీమ పల్లపు డెల్టా, సముద్రమే ఊళ్ల మీదికి వచ్చింది. ఆ తేడాను మినహాయించినా ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, జనాన్ని తరలించడం ప్రాణాలు కాపాడాయి. తీరంలో పోగుపడిన ఆస్తిని అవి కాపాడలేవు. రెండో మూలంలో తగ్గినదీ (మనుషులు), పెరిగినదీ (ఆస్తులు) ఇక్కడే విడివిడిగా కనిపిస్తాయి.

వడగాడ్పు సంగతి మరింత నిష్ఠురమైనది. మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాడ్పుగా లెక్కిస్తుంది. ఈ కొలత ఆపదనే చెబుతుంది. 2015 మేలో దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. అదే 45 డిగ్రీలు ఏసీ గదిలో ఉన్నవారికి ఒకటి, ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వేవారికి మరొకటి. వడగాడ్పు హెచ్చరికలో ఉష్ణోగ్రతకు వేసే రంగు పక్కనే 'ఎండలో పనిచేసేవారికి', 'ఒంటరి వృద్ధులకు' అని విడివిడిగా ముప్పు స్థాయి రాయడం కష్టమేమీ కాదు. ఇప్పటికైనా అలా రాయాలి.

వేగం రెండో కొలబద్ద. తుఫానుకు రోజుల వ్యవధి ఉంటుంది, తీరం కోతకు దశాబ్దాలు. కాకినాడ దగ్గరి ఉప్పాడలో మత్స్యకారుల ఇళ్లు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా సముద్రంలో కలుస్తున్నాయి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజం. గోదావరి మీద కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరే మట్టి తగ్గిందన్నదీ నిజమే. ఉప్పాడను 'సముద్రమట్టం పెరుగుదల' అన్న ఒక్క గడిలో పడేస్తే ఒడ్డున రాళ్లు పోయడమే పరిష్కారంగా కనిపిస్తుంది, ఒండ్రు గురించి ఏ శాఖనూ ఎవరూ అడగరు. కాబట్టి నిదానంగా వచ్చే ప్రతి ముప్పుకూ వాతావరణం వాటా ఏది, స్థానిక నిర్మాణాల వాటా ఏది అన్నది వర్గీకరణలోనే చూపాలి.